ఎల్5-ఎస్1 డిస్క్‌కు చిన్న గాటు ఆపరేషన్: కచ్చితత్వం నిజంగా దేనివల్ల పెరుగుతుంది?

ఉద్దానం మాస్టారు (కవిటి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 38 ఏళ్లు. పదిహేనేళ్లుగా కొబ్బరి బస్తాలు లారీలకు ఎత్తే పనిలో ఉన్నాడు. మూడు నెలల కిందట ఒక బస్తా భుజానికి ఎత్తుకుంటుండగా నడుములో కలుక్కుమంది. నాలుగు రోజులకు నడుము నొప్పి తగ్గి, దాని బదులు ఎడమ పిరుదు నుంచి తొడ వెనకగా పిక్కలోకీ, అక్కడి నుంచి పాదం బయటి అంచు మీదుగా చిటికెన వేలి దాకా సలుపు మొదలైంది. కూర్చుంటే ఎక్కువ, నిలబడితే కొంత తక్కువ. విశాఖపట్నం తీసుకెళ్లినప్పుడు సోంపేట స్టేషన్‌లో రైలెక్కింది మొదలు దిగేదాకా బెర్తు మీద ఒక పక్కకు ముడుచుకొనే పడుకున్నాడు.

మొదటి నెలంతా ఊళ్లోనే నొప్పి ఇంజెక్షన్లతో, మాత్రలతో గడిపాం. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో తెలిసి కూడా ఆ మాత్రల సంగతి నేను ఆలోచించలేదు. రక్త పరీక్షలో, కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ 1.7కు పెరిగినట్టు తేలింది. కిడ్నీ డాక్టరు గారు నొప్పి మాత్రలన్నీ ఆపించారు. కనుక మాత్రలతో నెట్టుకొచ్చే దారి మాకు మూసుకుపోయింది. రెండు నెలల కిందట తీయించిన ఎమ్మారై రిపోర్టులో ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుములోని ఐదో పూసకూ దాని కిందనున్న పెద్ద ఎముక మొదటి పూసకూ మధ్య, మెత్తలా ఉండే డిస్క్ ముక్క ఎడమ పక్కకు జారి, కొద్దిగా కిందికి దిగి, ఎస్1 నరాన్ని నొక్కుతోందని రాశారు.

విశాఖపట్నంలో ముగ్గురు సర్జన్లను కలిశాం. ఒకరు మైక్రోస్కోపు కింద, అంగుళం గాటుతో చేస్తామన్నారు. రెండో వారు ఎండోస్కోపు అనే సన్నని కెమెరాతో, ఒక సెంటీమీటరు కూడా లేని గాటుతో, మనిషి మెలకువగా ఉండగానే చేస్తామన్నారు. మూడో వారు తమ దగ్గర నేవిగేషన్ ఉందని, కంప్యూటరే దారి చూపిస్తుంది కనుక పొరపాటుకు తావుండదని చెప్పారు. ముగ్గురూ కచ్చితత్వం అనే మాటనే వాడారు గానీ, ముగ్గురూ దానికి ఇచ్చిన అర్థం ఒకటి కాదేమోనని నాకు అనిపించింది. ఈ ఆపరేషన్‌లో కచ్చితత్వం అంటే అసలు ఏమిటి, అది ఏ దశలో తప్పుతుంది, మేము ముందుగా ఏమి అడిగి తెలుసుకోవాలి? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

విశ్రాంత వెన్నుపూస సర్జన్ (విజయనగరం)

మాస్టారూ, మీ తమ్ముణ్ణి పరీక్షించకుండా ఫలానా పద్ధతే చేయించండని నేను చెప్పను. మీరు అడిగిన మాటకు మాత్రం నాకు తెలిసినంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది రోగులు అడగవలసిన ప్రశ్న, చాలామంది అడగని ప్రశ్న.

ఈ ఆపరేషన్‌లో కచ్చితత్వం అంటే గాటు పొట్టిగా ఉండడం కాదు. బాధపడుతున్న నరం ఏదో తేల్చుకొని, దాన్ని నొక్కుతున్న ముక్క దగ్గరకే వెళ్లి, దారిలో ఉన్న కండనూ ఎముకనూ కీళ్లనూ నరం మీది పొరనూ చెడగొట్టకుండా ఆ ముక్కను తీసి, మిగిలిన డిస్క్ జోలికి అవసరానికి మించి పోకుండా వెనక్కి రావడం. ఇందులో సగం పని థియేటర్ తలుపు తెరవకముందే పూర్తి కావాలి.

ముందుగా లక్షణమూ చిత్రమూ కలవాలి. మీరు రాసిన నొప్పి దారి, అంటే తొడ వెనక, పిక్క, పాదం బయటి అంచు, చిటికెన వేలు, ఇవన్నీ ఎస్1 నరం పొలిమేరలోవి. ఎమ్మారైలో కూడా ఆ నరమే నొక్కుకుంటోంది కనుక రెండూ కలిశాయి. ఇదే డిస్క్ ముక్క మధ్యకు కాకుండా బాగా పక్కకు, నరం బయటికి వచ్చే రంధ్రంలోకి జారి ఉంటే, నొక్కుకునేది ఎస్1 కాదు, దాని పైనున్న ఎల్5. అప్పుడు నొప్పి పాదం పైభాగానికీ బొటనవేలికీ పోతుంది, వెళ్లవలసిన దారి కూడా మారిపోతుంది. కాబట్టి రిపోర్టులో డిస్క్ పేరు ఒక్కటే చాలదు, ముక్క ఆ డిస్క్‌కు ఏ మూల ఉన్నదన్నది కావాలి. అసలు ఎమ్మారైలో డిస్క్ ఉబ్బు కనిపించగానే అదే నొప్పికి కారణమని అనుకోకూడదు. ఏ నొప్పీ లేని మనుషుల చిత్రాలు పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క చూస్తే, ఇరవై ఏళ్ల వయసువారిలోనే 37 శాతం మందికి డిస్క్‌లో అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ల వారిలో అది 96 శాతం. చిత్రంలో కనిపించిన ప్రతిదానికీ కత్తి పెడితే ఎంత సన్నని కత్తి అయినా అది గురి తప్పినట్టే.

ఇక పద్ధతుల సంగతి. జారిన డిస్క్ వల్లనే కాలి నొప్పి వస్తుందని 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే వైద్యులు నిరూపించినప్పుడు వెనక ఎముకను వెడల్పుగా తీసి లోపలికి చూసేవారు. 1977లో యాసర్గిల్, కాస్పర్ ఇద్దరూ ఎవరికి వారుగా మైక్రోస్కోపు పద్ధతిని ప్రకటించారు. వెలుతురు లోతుకు చేరింది, పెద్దదిగా కనిపించింది, గాటు తగ్గింది. 1997లో ఫోలీ, స్మిత్ కండను కోయకుండా, ఒకదాని మీద ఒకటి లావుపాటి గొట్టాలు దింపుతూ కండపోగులను పక్కకు జరిపి, రెండు సెంటీమీటర్ల లోపు వెడల్పున్న గొట్టంలో నుంచి పని చేసే దారి చూపారు. వెన్ను పక్క నుంచి వెళ్లే ఎండోస్కోపు పద్ధతికి కాంబిన్ అనే సర్జన్ గుర్తించిన త్రికోణం ఆధారం. బయటికి పోయే నరం ఒక అంచు, కింది పూస పైతలం ఒక అంచు, కిందికి దిగే నరమూ కీలూ ఉన్న వైపు ఇంకో అంచు. ఆ మూడింటి మధ్య ఉన్న ఖాళీలో నుంచే పరికరం లోపలికి వెళ్లాలి.

మీ తమ్ముడి విషయంలో ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఎల్5-ఎస్1 అన్నిటికన్నా కింది డిస్క్. పక్క నుంచి దాని దగ్గరకు పోవాలంటే తుంటి ఎముక అంచు అడ్డం వస్తుంది. ఆ అంచు ఎత్తుగా ఉన్నవారిలో పరికరాన్ని కావలసిన వాలులో దింపలేము, బలవంతంగా దింపితే గురి తప్పుతుంది. అదే వెనక నుంచి చూస్తే రెండు పూసల వెనక భాగపు పలక ఎముకల మధ్య కిటికీలాంటి ఖాళీ నడుములో మరెక్కడా లేనంత వెడల్పుగా ఉండేది ఇక్కడే. అందుకే ఎల్5-ఎస్1కు ఎండోస్కోపు వాడేవారు కూడా చాలామంది ఆ వెనక కిటికీలో నుంచే వెళతారు. మీ రెండో సర్జన్ గారు ఏ దారిలో వెళతారో అడగండి. ఎండోస్కోపు అన్న ఒక్క మాట కింద రెండు వేరువేరు ఆపరేషన్లు ఉన్నాయి. మనిషిని మెలకువగా ఉంచి చేసేది ఎక్కువగా పక్క దారి ఆపరేషనే.

ఫలితాల్లో తేడా ఎంత అని మీరు అడగకపోయినా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 328 మందితో చేసి 2009లో వెలువరించిన పరీక్షలో, ఏడాది తరువాత చూస్తే గొట్టం పద్ధతి మామూలు మైక్రోస్కోపు పద్ధతి కన్నా మెరుగని తేలలేదు. పైగా గొట్టం పద్ధతి వారికి కాలి నొప్పి, నడుము నొప్పి కొంచెం ఎక్కువే మిగిలాయి. అదే దేశంలో 613 మందితో చేసి 2022లో వెలువరించిన పరీక్షలో, పక్క నుంచి చేసే ఎండోస్కోపు పద్ధతి కాలి నొప్పి తగ్గించడంలో మైక్రోస్కోపుకు తీసిపోలేదని తేలింది. ఈ రెండూ కలిపి చదివితే నాకు అర్థమైనది ఏమిటంటే, చేసేవారికి చేయి తిరిగిన పద్ధతి ఏదైతే అందులోనే రోగికి మేలు. మైక్రోస్కోపులో రెండు కళ్లతో చూస్తాం కనుక లోతు తెలుస్తుంది. ఎండోస్కోపులో తెర మీది బొమ్మకు లోతు ఉండదు గానీ, కన్ను ముక్క దగ్గరకే వెళుతుంది, కొన వాలుగా ఉండడం వల్ల మూలల వెనక కూడా కనిపిస్తుంది. తెర మీద చూస్తూ చేత్తో లోతును అంచనా వేయడం అలవాటు కావడానికి ఎవరికైనా కాలం పడుతుంది.

నేవిగేషన్ గురించి ఒక మాట. పూసల్లో స్క్రూలు బిగించే ఆపరేషన్లలో దాని విలువ పెద్దది, నేనూ చూశాను. ఎముకకు కట్టిన గుర్తు చట్రం ఆధారంగా, తీసిన స్కాన్ మీద పరికరం కొన ఎక్కడుందో అది చూపిస్తుంది. కానీ ఆ చట్రాన్ని ఎవరి మోచెయ్యో తగిలి కదిలిస్తే తెర మీది బొమ్మ ఒకచోట, లోపలి మనిషి ఒకచోట అవుతారు, తెర మాత్రం ఎప్పటిలాగే నమ్మకంగా చూపిస్తూనే ఉంటుంది. పైగా అది చూపించేది ఎముకను. నరాన్ని మెల్లగా పక్కకు జరిపినప్పుడు అది ఎంత జరిగిందో, ముక్క నరానికి అతుక్కుని ఉందో లేదో దానికి తెలియదు. ఒకే ఒక డిస్క్ ముక్క తీసే ఆపరేషన్‌కు అది ఉంటే మంచిదే, లేదని భయపడనక్కరలేదు.

రోగులకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది, పడుకోబెట్టే తీరు. బోర్లా పడుకోబెట్టినప్పుడు ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు సర్ది పొట్టను గాలిలో వేలాడేలా వదలాలి. పొట్ట బల్లకు నొక్కుకుంటే లోపలి పెద్ద సిర మీద ఒత్తిడి పెరిగి, ఆ రక్తం వెన్ను కాలువలోని సన్నని సిరల్లోకి ఎగదన్నుతుంది. అప్పుడు నరం పక్కన చుక్క చుక్కగా ఊరే రక్తంలో నరమేదో పొర ఏదో తెలియదు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లేముందు ప్రతిసారీ బల్ల కింద నుంచి అరచేయి పెట్టి పొట్టకూ బల్లకూ మధ్య ఖాళీ ఉందా అని చూసుకునేవాణ్ణి. ఆ ఒక్క ఖాళీ ఖరీదైన లెన్సు కన్నా ఎక్కువ చూపు ఇచ్చిన రోజులు ఉన్నాయి.

లోతు విషయంలోనూ అంతే. డిస్క్ వెనక నుంచి ముందుకు సుమారు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. దాని ముందు గోడకు అవతల కాళ్లకు పోయే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. అందుకే ముక్కను పట్టే ఫోర్సెప్స్ డిస్క్‌లోకి మూడు సెంటీమీటర్లు దాటకూడదని నేర్పుతారు. కొందరు ఫోర్సెప్స్ మీద ఆ గుర్తు పెట్టుకుంటారు. జారిన ముక్కను, డిస్క్ నోటి దగ్గర ఊడిపోయి ఉన్న ముక్కలను తీస్తే చాలు. డిస్క్ అంతా గోకి ఖాళీ చేయడం ఇప్పుడు చాలామంది చేయరు.

సీ-ఆర్మ్ రేడియోగ్రాఫర్ (శ్రీకాకుళం)

డాక్టర్ గారు చెప్పిన దానికి థియేటర్‌లో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం పట్టుకొని నిలబడేవాడిగా నా అనుభవం కలుపుతున్నాను. మాస్టారు గారు అడిగిన మూడింటిలో ఏది ఎక్కడ తప్పుతుంది అన్నదానికి నా జవాబు ఇది: ఎక్కువ ప్రమాదం పూసలు లెక్కపెట్టే దగ్గర ఉంటుంది.

రోగిని బోర్లా పడుకోబెట్టాక చర్మం మీద నుంచి ఒక సన్నని సూది గుచ్చి, పక్క నుంచి బొమ్మ తీస్తాం. ఆ సూది ఏ డిస్క్ ఎదురుగా ఉందో చూసి సర్జన్ గారు గాటు చోటు నిర్ణయిస్తారు. ఇక్కడ నా పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కిరణం ఆ డిస్క్ తలానికి సమాంతరంగా పోయేలా యంత్రాన్ని వంచకపోతే బొమ్మ అబద్ధం చెబుతుంది. డిస్క్ పైతలమూ కింది తలమూ ఒక్కొక్కటి ఒకే సన్నని గీతగా కనిపించాలి. రెండేసి గీతలుగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపించాయంటే కిరణం వాలుగా పోతోందని అర్థం, అప్పుడు సూది ఒక పూస పైకో కిందికో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఎల్5-ఎస్1 మరీ వాలుగా ఉండే డిస్క్ కనుక, ఎదురు నుంచి తీసే బొమ్మకు ఇక్కడ యంత్రాన్ని ఎక్కువ వంచాలి. తొందరలో అలా వంచకుండా తీసిన బొమ్మను నేను ఒప్పుకోను, ఇంకో బొమ్మ తీస్తానని చెబుతాను.

గాటుకు ముందు తీసిన బొమ్మ ఒక్కటే చాలదు. పలక ఎముక బయటపడ్డాక, దాని అంచు కింద ఒక పరికరం పెట్టి రెండోసారి బొమ్మ తీయాలి, ఎందుకంటే చర్మం మీద పెట్టిన గుర్తు నుంచి లోపలికి దిగేటప్పుడు గొట్టం వాలిపోవచ్చు. లావుపాటి మనుషుల్లో ఆ వాలు ఇంకా ఎక్కువ. గొట్టం బయటి వైపుకు వాలితే కీలు మీద కూర్చుంటుంది, తెలియక ఆ కీలునే ఎక్కువగా కొరికేస్తే తరువాత ఆ చోట నిలకడ తగ్గుతుంది. గొట్టం దిగిన తరువాత ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు బొమ్మలూ తీసిన సర్జన్ల దగ్గర పని చేయడం నాకు నిశ్చింతగా ఉంటుంది.

మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్ల గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆ పద్ధతిలో రోగి నోరే ఒక పరికరం. నరానికి పరికరం తగిలితే మత్తులో ఉన్న మనిషి చెప్పలేడు, మెలకువగా ఉన్నవాడు వెంటనే చెబుతాడు. ఒకసారి టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "కాలు నాగేస్తంది బాబూ, నాగేస్తంది" అని అంటున్నాడు. సర్జన్ గారు ఈ ప్రాంతం వారు కారు, ఆ మాట ఆయనకు అందలేదు. కాలు లాగుతోందని అంటున్నాడు సార్ అని నేను చెప్పగానే ఆయన చేయి అక్కడికక్కడే ఆపి, పరికరాన్ని వెనక్కి తీసి దిశ మార్చారు. మన వాళ్లు లేదు అనడానికి నేదు అంటారు, లాగడం అనడానికి నాగడం అంటారు. బయటి ఊళ్లో చేయించుకునేవారు ముందురోజే ఆ డాక్టరుతో కూర్చొని, తిమ్మిరికి ఏ మాట, మంటకు ఏ మాట, లాగడానికి ఏ మాట అంటారో చెప్పి ఉంచుకోవాలని నా సలహా.

బొబ్బిలి నుంచి ఒక గృహిణి

రేడియోగ్రాఫర్ గారు లెక్క గురించి రాసింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా ఆయన వీణల పని చేస్తారు. పనస దుంగ మీద వంగి గంటల తరబడి చెక్కే పని. నాలుగేళ్ల కిందట ఆయనకు ఇలాంటి ఆపరేషనే అయింది. ఆసుపత్రి పేరు రాయను, ఎవరినీ తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆపరేషన్ అయిన మర్నాడు కూడా కుడి కాలి నొప్పి ఇసుమంత తగ్గలేదు. వాపు వల్ల అన్నారు, నరం కోలుకోవాలన్నారు. మూడు వారాలు చూశాం. చివరికి మళ్లీ ఎమ్మారై తీయిస్తే పాత ముక్క ఉన్నచోటనే ఉంది, దాని కింది డిస్క్ దగ్గర ఎముకకు రంధ్రం ఉంది.

ఆ తరువాత చూసిన డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మామూలుగా నడుములో పక్కటెముకలు లేని పూసలు ఐదు ఉంటాయి, మా ఆయనకు ఆరు ఉన్నాయట. కిందనున్న పెద్ద ఎముకలో కలిసిపోవలసిన మొదటి పూస కలవకుండా విడిగా ఉండిపోయిందట. ఎమ్మారై రాసినవారు అది గమనించి పై నుంచి లెక్కపెట్టి, చెడిన డిస్క్‌ను ఎల్5-ఎస్1 అని సరిగానే రాశారు. థియేటర్‌లో కింది నుంచి చూసి, అన్నిటికన్నా కింద ఉన్న డిస్కే ఎల్5-ఎస్1 అనుకొని దాన్ని తెరిచారు. ఇద్దరి లెక్కా ఎవరి పద్ధతిలో వారికి సరైనదే, మధ్యలో మా ఆయన నడుము రెండుసార్లు కోయించుకోవలసి వచ్చింది. రెండో ఆపరేషన్ తరువాత కాలి నొప్పి తగ్గింది. కానీ కింద కూర్చొని చెక్కే పని ఇప్పుడు రెండు గంటలకు మించి చేయలేరు. మాస్టారు గారూ, మీ తమ్ముడికి ఎన్ని పూసలు ఉన్నాయో ముందు లెక్కపెట్టించండి.

విశ్రాంత వెన్నుపూస సర్జన్ (విజయనగరం)

అమ్మా, మీరు రాసింది ఈ చర్చ మొత్తంలో విలువైన భాగం. ఇటువంటి పూసలున్నవారు అరుదు కాదు. కొందరికి ఐదో పూస కింది ఎముకతో ఒక పక్కనో రెండు పక్కలానో కలిసిపోయి ఉంటుంది, కొందరికి మీరు చెప్పినట్టు ఆరోది విడిగా ఉంటుంది. ఇలాంటప్పుడు పేర్లను నమ్మకూడదు, ఆకారాలను నమ్మాలి. ఆపరేషన్‌కు ముందు మామూలు ఎక్స్‌రే ఒకటి తీసి, దాన్నీ ఎమ్మారై పక్క బొమ్మనూ పక్కపక్కన పెట్టి, చెడిన డిస్క్ కింది నుంచి ఎన్నోదో, దాని పైనా కిందా పూసల ఆకారం ఎలా ఉందో రాసుకోవాలి. సీ-ఆర్మ్ బొమ్మలో వెతకవలసింది ఆ ఆకారాన్ని. సందేహం ఉంటే పక్కటెముకలు కనిపించేలా పై నుంచి లెక్క తీసుకురావాలి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకు ఒక తనిఖీ పట్టికను విడుదల చేసింది. గాటు పెట్టే ముందు అందరూ ఒక్క నిమిషం ఆగి రోగి ఎవరు, చేసే పని ఏది, చోటు ఏది అని పైకి చదవాలి, అవసరమైన చిత్రాలు కళ్లెదుట ఉన్నాయా అని చూసుకోవాలి. వెన్ను ఆపరేషన్‌లో ఆ చిత్రం సంగతే ప్రాణం. ఎమ్మారై ఫిల్ము రోగి బంధువుల సంచిలో వార్డులో ఉండిపోయి, రిపోర్టు కాగితం ఒక్కటే థియేటర్‌కు వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. అలాంటప్పుడు నేను కత్తి అందుకోకుండా ఫిల్ము వచ్చేదాకా ఆగేవాణ్ణి.

ఫిజియోథెరపిస్టు (రాజాం)

డాక్టర్ గారితో ఒక్క విషయంలో కొంచెం విభేదిస్తున్నాను. చర్చ అంతా ఆపరేషన్ ఎలా అన్నదాని మీదే నడిచింది, ఇప్పుడు అవసరమా అన్నదీ కచ్చితత్వంలో భాగమే. ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలి నొప్పి ఉన్న 283 మందితో చేసి 2007లో వెలువరించిన పరీక్షలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి తొందరగా తగ్గింది గానీ, ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవారూ దాదాపు అంతే కోలుకున్నారు. ఆగినవారిలో నూటికి 39 మంది మాత్రమే చివరికి ఆపరేషన్‌కు వెళ్లారు. విడిపోయి జారిన పెద్ద ముక్కలే ఎక్కువగా శరీరంలో కరిగి తగ్గుతాయి కూడా. మీ తమ్ముడికి నొప్పి మాత్రలు వాడే వీలు లేదు కనుక ఆయన లెక్క వేరు, అది నేను ఒప్పుకుంటాను. కానీ రెండు నెలల నాటి ఎమ్మారై పట్టుకొని థియేటర్‌లోకి వెళ్లవద్దు. ఈ లోపల ముక్క తగ్గి ఉండవచ్చు, లేదా చోటు మారి ఉండవచ్చు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. గోడకు వేళ్లు ఆనించి, ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి, మడమ పైకెత్తి మునివేళ్ల మీద లేవమనండి. కుడి కాలితో పదిసార్లు లేవగలిగి ఎడమతో నాలుగుసార్లకే మడమ దిగిపోతుంటే ఎస్1 నరం బలం తగ్గుతోందని అర్థం. తేదీ వేసి అంకె రాయండి, మూడు రోజులకొకసారి మళ్లీ చూడండి. అంకె తగ్గుతుంటే ఆగవద్దు. మూత్రం వచ్చినట్టు తెలియకపోవడం, మూత్రం రాకుండా బిగుసుకుపోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం, రెండు కాళ్లూ బలహీనపడడం వీటిలో ఏది కనిపించినా అదే రాత్రి బయలుదేరాలి, తెల్లారేదాకా చూడకూడదు.

ఉద్దానం మాస్టారు (కవిటి ప్రాంతం)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. మీరు చెప్పినవి వరుసగా చేశాం. మడమ పరీక్ష మొదటి రోజు ఎడమ కాలితో ఏడు, మూడు రోజులకు ఐదు, ఆ తరువాత మూడు. కుడి కాలితో ఎప్పుడూ పదికి తగ్గలేదు. మూత్రం విషయంలో ఇబ్బంది లేదు. నిలబెట్టి ఎక్స్‌రే తీయించాం. పూసలు ఐదే ఉన్నాయి, లెక్క ఎమ్మారైతో సరిపోయింది. తుంటి ఎముక అంచు మాత్రం ఎత్తుగా ఉంది. కొత్త ఎమ్మారైలో ముక్క కరగలేదు సరికదా, ఇంకొంచెం కిందికి, ఎస్1 పూస వెనకకు దిగింది.

ఈ కాగితాలన్నీ చూపించి మొదట కలిసిన ముగ్గురినీ అవే ప్రశ్నలు అడిగాను. రెండో సర్జన్ గారే ఎక్స్‌రే చూసి, పక్క దారి మీ తమ్ముడికి కుదరదని, తాను వెనక కిటికీలో నుంచి వెళ్లే ఎండోస్కోపు ఇంకా కొత్తగా చేస్తున్నానని, మైక్రోస్కోపు చేసేవారి దగ్గరకే వెళ్లమని చెప్పారు. ఆ నిజాయతీకి నేను రుణపడి ఉంటాను. మొదటి సర్జన్ గారు కొత్త చిత్రం చూసి, పాత చిత్రం ప్రకారమైతే పై పలక కింది అంచు దగ్గర దిగేవాణ్ణని, ఇప్పుడు ఎస్1 పలక పై అంచును కూడా కొంచెం తొలిచి నరం కింది వైపు నుంచి ముక్కను అందుకోవాలని వేలితో చూపించారు. వచ్చే గురువారం తేదీ ఇచ్చారు. పూర్తి మత్తు ఇస్తారట. కిడ్నీ సంగతి ఆపరేషన్ రోజున ఎవరికి, ఎలా చెప్పాలో ఒక్కటి తెలియజేయగలరు.

విశ్రాంత వెన్నుపూస సర్జన్ (విజయనగరం)

మాస్టారూ, మడమ అంకెలు పడిపోతున్న తీరు చూస్తే తేదీ తీసుకోవడం సరైన పనే. క్రియాటినిన్ కొత్తగా పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని మత్తు డాక్టరు గారి చేతికే ఇవ్వండి. ఆపరేషన్ తరువాత వార్డులో మామూలుగా రాసే నొప్పి ఇంజెక్షన్లలో కిడ్నీకి పడనివి ఉంటాయి, రాత్రి డ్యూటీ వారికి మీ తమ్ముడి సంగతి తెలియకపోవచ్చు. అందుకే కేసు షీటు మొదటి పేజీ మీద, ఎర్ర సిరాతో, ఇవ్వకూడని మందుల పేర్లు కిడ్నీ డాక్టరు గారి చేత రాయించి పెట్టించండి. మొదటి ఆపరేషన్ కనుక ఎమ్మారైకి రంగు మందు అవసరం ఉండదు, ఎవరైనా ఎక్కించబోతే కిడ్నీ సంగతి చెప్పి ఆపించి, ఎందుకో అడగండి. గురువారం పొద్దున కొత్త ఎమ్మారై ఫిల్మునూ ఎక్స్‌రేనూ మీ సంచిలో ఉంచుకోకుండా తమ్ముడి ట్రాలీ మీదే థియేటర్‌కు పంపండి, పాత ఎమ్మారై మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రండి.